కుచ్చిళ్ళ కింద కాలు, బోర్డు మీద లింఫు నాళం

మందు రాయని డాక్టరు

ఫిజియాలజీ చెప్పేవాళ్ళని ఊళ్ళో ఎవరూ డాక్టర్లుగా లెక్కపెట్టరు. తాడేపల్లిగూడెంలో మా వీధివాళ్ళు నన్ను "డాక్టరమ్మ గారు" అని నోరారా పిలుస్తూనే, పిల్లాడికి జ్వరం వస్తే మాత్రం పక్క వీధిలోని మరో డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్ళేవారు. వాళ్ళ తప్పేమీ లేదు. నేను మందు రాయడం మానేసి చాలా కాలమైంది. ఏలూరులో ఒక మెడికల్ కాలేజీలో, మొదటి సంవత్సరం పిల్లలకి జబ్బు లేని శరీరం ఎలా నడుస్తుందో చెప్పడం నా ఉద్యోగం. పొద్దున ప్యాసింజరులో వెళ్ళడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం, మధ్యలో పాఠాలూ ప్రాక్టికల్సూ. రిటైరయ్యేదాకా అంతే.

ఈ మధ్య డిపార్టుమెంటుల్లో కొత్తగా టీచర్లుగా చేరుతున్న పిల్లలు కొందరు వచ్చి, "మేడమ్, మీ అనుభవాలు రాయండి" అంటున్నారు. ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఇన్‌స్పెక్షన్ ఎలా గట్టెక్కామో రాస్తే మీకూ నిద్ర వస్తుంది, నాకూ వస్తుంది. అందుకని ఒకే ఒక్క పాఠం గురించి రాస్తాను. అది లింఫు నాళాల పాఠం. దాన్ని నేను చాలా ఏళ్ళు తొందరగా చెప్పాను, తప్పుగా చెప్పాను. ఎందుకు తొందరపడ్డానో మీకు అర్థం కావాలంటే ముందు నా ఎడమ కాలి సంగతి చెప్పాలి. రాయడానికి కూర్చున్నప్పటి నుంచీ ఆ ఒక్క వాక్యం దగ్గరే కలం ఆగుతోంది.

మాది పెంటపాడు. నాన్న మిషను బడిలో మాస్టారు. నేను హైస్కూల్లో ఉండగా ఒక వానాకాలంలో వణుకుతూ జ్వరం వచ్చింది. గజ్జల్లో బిళ్ళ కట్టింది. ఎడమ పాదం ఎర్రగా పొంగింది. జ్వరమైతే తగ్గింది గానీ పొంగు పూర్తిగా పోలేదు. ఆ తరవాత అప్పుడప్పుడూ అదే జ్వరం మళ్ళీ వచ్చేది, వచ్చినప్పుడల్లా ఇంకాస్త వాపు మిగిల్చి పోయేది. మా వైపు బోదకాలు వింతేమీ కాదు. ఏ వీధిలో చూసినా ఒకరో ఇద్దరో ఉండేవారు. అయినా మా ఇంట్లో ఆ మాట ఎవరూ పలకలేదు. అమ్మ నా లంగాలన్నిటికీ కింద మరో జానెడు గుడ్డ వేసి కుట్టించింది. చర్చిలో ఆడవాళ్ళందరూ చాపల మీద కూర్చుంటే, నన్ను మాత్రం వెనక గోడ దగ్గర బెంచీ మీద ముసలమ్మల పక్కన కూర్చోబెట్టేది. ఎవరైనా అడిగితే "దానికి మోకాలు నొప్పండి" అనేది.

చదువుకున్నాను, డాక్టరునయ్యాను. వార్డుల్లో గంటల తరబడి నిలబడలేక ఫిజియాలజీ తీసుకున్నానని అందరికీ చెప్పాను. నిజం అది కాదు. ఫిజియాలజీ టీచరుకీ క్లాసుకీ మధ్య ఎప్పుడూ ఒక బల్ల ఉంటుంది. బల్ల పైన కనిపించే మనిషి చాలు, కింద సంగతి ఎవరికీ అక్కర్లేదు. చీర కుచ్చిళ్ళు నేలకి ఆనేలా కట్టుకునేదాన్ని. చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఎడమ చెప్పు విడిగా పెద్దది చేయించుకునేదాన్ని. ప్యాసింజరులో ఎదుటి సీటు ఖాళీగా ఉన్నా కాలు ఎత్తి పెట్టుకునేదాన్ని కాదు. ఎత్తి పెట్టుకుంటే వాపు తగ్గుతుందని పాఠం చెప్పే మనిషిని. భీమడోలు దాటేసరికి కాలు బండబారిపోయేది. అలాగే దించి ఉంచి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేదాన్ని.

పెద్దాయన

మా హెడ్‌ని అందరం పెద్దాయన అనేవాళ్ళం. నల్లజర్ల వైపు రైతు కుటుంబం. గొంతు పెంచి ఎరగరు, కానీ ఆయన గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు లెక్చరర్లు కూడా మాట తగ్గించేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదంతా ఒక్క అలవాటులో ఉంది. ఫిజియాలజీ ప్రాక్టికల్స్‌లో పిల్లలే ఒకరికొకరు రోగులు. ఒకరి చేతికి ఇంకొకరు బీపీ పట్టా కడతారు, ఒకరి మోకాలి మీద ఇంకొకరు సుత్తితో కొడతారు. ఏ పరీక్ష అయినా పిల్లల మీద చేయించే ముందు టీచరు తన ఒంటి మీద చేయించుకుని చూపాలని పెద్దాయన పట్టు.

"మన ఒళ్ళు ముందు ఇవ్వకుండా వాళ్ళ ఒళ్ళు అడగడం మర్యాద కాదమ్మా" అనేవారు. ఈసీజీ చూపించే రోజు ఆ వయసులో చొక్కా తీసేసి, బక్కపలచటి ఛాతీతో మంచం మీద పడుకునేవారు. మొదట పిల్లలు నవ్వు ఆపుకునేవారు. కాసేపయ్యాక ఎవరూ నవ్వేవారు కాదు. తరవాత తమ వంతు వచ్చినప్పుడు బెరుకు లేకుండా ముందుకు వచ్చేవారు.

నేనూ ఆ నియమం పాటించాను. చెయ్యి ఇచ్చాను, చెవి ఇచ్చాను, కంట్లో టార్చి వేయించుకున్నాను. మోకాలి పరీక్షకి కుడి కాలు ఇచ్చేదాన్ని. ఒకసారి పెద్దాయన పక్కనే ఉండి, "రెండో వైపు కూడా చూపించమ్మా, పోల్చుకోవాలి కదా" అన్నారు. "ఎడమ మోకాలు కాస్త బెణికిందండి" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "అలాగా, అయితే వద్దులే" అని తన ప్యాంటు మడిచి స్టూలు మీద కూర్చున్నారు. మళ్ళీ ఎప్పుడూ నా ఎడమ కాలు అడగలేదు. ఆయనకి తెలిసిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది. ఆయన అడిగి ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళ తరవాత అనిపించింది. మర్యాద కొద్దీ ఊరుకునేవాళ్ళ మధ్య జబ్బు హాయిగా పెరుగుతుంది.

ఊరికే గొట్టాలు

రక్తప్రసరణ పాఠాల చివర్లో లింఫు వస్తుంది. గుండెకి వారాల తరబడి క్లాసులు ఇచ్చేదాన్ని. లింఫుకి గంట కొట్టే ముందు మిగిలిన కాసేపు ఇచ్చేదాన్ని. రక్తనాళాల నుంచి కణాల మధ్యకి ద్రవం ఊరుతుంది, అందులో వెనక్కి పోకుండా మిగిలిన దాన్ని పోగుచేసి మళ్ళీ రక్తంలో కలిపేవి లింఫు నాళాలు. వాటిలో కవాటాలు ఉంటాయి, కనక ద్రవం వెనక్కి జారదు. ముందుకు తోసేది మాత్రం చుట్టూ ఉన్న కండరాల కదలికా, మన ఊపిరీ. ఇంతవరకూ చెప్పి, "అవి తమంతట తాము చేసేది ఏమీ లేదు, ఊరికే గొట్టాలు" అని సుద్దముక్క కింద పెట్టేసేదాన్ని. ఆ నాళాలకి సొంత కదలిక ఉందని పుస్తకంలో నేను చదువుకునే రోజుల్లోనే ఒక వాక్యం ఉండేది. దాన్ని దాటేసేదాన్ని. ఎంత త్వరగా ఆ పేజీ తిప్పితే అంత మేలు అన్నట్టు ఉండేది నాకు. ఆ నాళాలు చెడితే వచ్చేదే బోదకాలు, ఆ మాట నోటి నుంచి వచ్చిన మరుక్షణం క్లాసంతా బల్ల కిందికి వంగి చూస్తుందని భయం.

ఆ పాఠానికి డిపార్టుమెంటు ఇచ్చిన స్లైడు ఒకటి ఉండేది, జబ్బు పేరు చెప్పకుండా వేసి తీసేసేదాన్ని. ఏనుగు కాలంత అయిపోయిన ఒక మనిషి కాలు. మొహం ఉండదు, కాలు ఒక్కటే. అది తెర మీద పడగానే వెనక బెంచీల్లో కిసుక్కుమని నవ్వు వినిపించేది. నేనూ చిన్నగా నవ్వేదాన్ని. నవ్వకపోతే అనుమానం వస్తుందని. ఏటా ప్రభుత్వం బోదకాలు మాత్రలు పంచే రోజున కాలేజీలో నా చేతే మొదటి మాత్ర మింగించి, నాలుగు మాటలు మాట్లాడమనేవారు. "ఇది సిగ్గుపడవలసిన జబ్బు కాదు" అని మైకులో చెప్పి దిగేదాన్ని. మెట్లు దిగేటప్పుడు కుచ్చిళ్ళు కాస్త పట్టుకుని, పాదం కనపడకుండా.

రెండువేల అయిదారు ప్రాంతాల ఒక బ్యాచిలో నాగదుర్గ అనే అమ్మాయి ఉండేది. కొల్లేటికోట పిల్ల. ఇంట్లో అందరూ చేపల చెరువుల మీద పని చేసేవాళ్ళే. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. నిదానంగా మాట్లాడేది, కానీ అడగాలనుకున్నది అడక్కుండా వదిలేది కాదు. కప్పల ప్రాక్టికల్ రోజు, మెదడు తీసేసి వెన్నుపాము మాత్రం ఉంచిన కప్పతో ప్రయోగం చేస్తున్నాం. ఆ పిల్ల కప్ప వీపు చివర, నడుము ఎముక పక్కన, చర్మం కింద ఏదో టపటపా కొట్టుకోవడం చూసింది.

"ఇదేంటండి మేడమ్ గారూ? గుండె పైనుంది కదండి?"

"అవి లింఫు గుండెలు. కప్పలకి ఉంటాయి. లింఫుని తోస్తాయి."

"మనకుండవాండి?"

"మనకుండవు."

"మరి మనకి పాదం కాడ నుంచి పైదాకా ఎవరు తోస్తారండి?"

నిజానికి అది గొప్ప ప్రశ్న. ఏ టీచరైనా ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తుంది. నేను గడియారం చూసి, "క్లాసులో చెప్పాను కదా, బయటి నుంచి నొక్కుడు పడితే కదులుతుంది. గ్రాఫ్ తీసుకున్నావా?" అన్నాను. ఆ అమ్మాయి "ఆయ్, తీసుకుంటానండి" అని తల వంచుకుంది. ఆ ప్రశ్న పాఠం కోసం అడిగింది కాదని నాకు తట్టలేదు.

సిగ్గెందుకు

ఆ తరవాత కొన్ని వారాలకి ఒళ్ళు పరీక్షించే ప్రాక్టికల్ వచ్చింది. నాడి, కళ్ళు, గోళ్ళు, చివరికి పాదాల వాపు. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి పట్టి, తీశాక గుంట పడిందా లేదా చూడాలి. ఆ పరీక్షకి మాత్రం నేను ఏనాడూ నా కాలు ఇవ్వలేదు. బొమ్మ గీసి చూపించి, పిల్లల్ని జంటలుగా విడదీసేదాన్ని.

నాగదుర్గ వంతు వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు. జత అమ్మాయి బతిమాలుతోంది, తను చుడీదార్ కాలి దగ్గర గుప్పిట్లో బిగించి పట్టుకుని నిలబడింది. నేను వెళ్ళాను.

"ఏమయింది?"

"నేను ఇంకోళ్ళకి చేస్తానండి. నాకు వద్దండి."

"అందరూ చేయించుకుంటున్నారుగా. నీకేం వచ్చింది?"

క్లాసంతా ఇటే చూస్తోంది. నాకు చిరాకు వచ్చింది. అది చిరాకు కాదు, భయం. ఆ అమ్మాయి నిలబడిన తీరు నాకు బాగా తెలిసిన తీరు. చూడకూడనిది చూసినట్టయింది నాకు. అందుకే గొంతు పెంచాను. "డాక్టరు కాబోతున్న పిల్లవి, ఒంటి గురించి సిగ్గెందుకు? రేపు రోగి నీ ముందు సిగ్గుపడితే ఏం చెబుతావు? ఇలాగైతే ఈ చదువు నీకు పనికిరాదు" అన్నాను.

ఆ మాటలు అంటున్నప్పుడు నా ఎడమ పాదం కుచ్చిళ్ళ లోపల, పెద్ద చెప్పులో ఉంది. ఆ అమ్మాయి "సారీ అండి" అని పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. నేను మిగతా క్లాసు నడిపించాను. బాగానే నడిపించాను కూడా.

కొత్తగా వచ్చే మీకు ఒక్క మాట. పిల్లల మీద మనకి ఉన్నట్టుండి కోపం వస్తే, ఆ కోపం పాఠానికి సంబంధించిందేనా అని ఇంటికి వెళ్ళే లోపల ఒకసారి చూసుకోండి. నేను చూసుకోలేదు. ఇంటికి వెళ్ళి చారు పెట్టుకుని తిన్నాను.

హాస్టలు గది

రెండ్రోజులు నాగదుర్గ రాలేదు. మూడోనాడు జత అమ్మాయి వచ్చి, "జ్వరం అండి, ఒణికిపోతాందండి, ఆసుపత్రికి రమ్మంటే రానంటాందండి. ఇంటికెళ్ళిపోతానని బట్టలు సర్దుకుందండి" అంది. మధ్యాహ్నం క్లాసు ఇంకొకరికి అప్పజెప్పి హాస్టలుకి వెళ్ళాను.

గది బయట దాని చెప్పులున్నాయి. కుడి చెప్పు పట్టీ కోసి, వదులు చేసి, దారంతో మళ్ళీ కుట్టుకుంది. ఆ చెప్పు చూశాక లోపలికి వెళ్ళడానికి కాసేపు పట్టింది నాకు.

మంచం మీద ముడుచుకుని పడుకుంది. కాలు చూపించమంటే మొదట చూపించలేదు, తరవాత ఓపిక లేక వదిలేసింది. పాదం నుంచి పైదాకా క్రేపు బ్యాండేజీ. జారిపోకుండా మోకాలి కింద బిగుతైన ఎలాస్టిక్. విప్పితే ఆ ఎలాస్టిక్ పడిన చోట గాడి, దాని కింద కాలంతా ఎర్రగా, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. వేళ్ళ సందుల్లో చర్మం ఒరిసి, చెమ్మగిల్లి ఉంది. ఈ జ్వరం తెచ్చిన క్రిములు లోపలికి వచ్చిన దారి అదే.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఇంటర్ రెండో ఏడు నుంచండి. పొద్దున లేచేసరికి తగ్గిపోద్దండి. సాయంత్రానికి మళ్ళీ వచ్చేద్దండి."

రాత్రికి తగ్గే వాపు అంటే జబ్బు ఇంకా చెయ్యి దాటనట్టే. గట్టిపడిపోలేదు. అది తెలిసి నాకు ఊరట కలిగింది, వెంటనే భయం వేసింది. ఇలాంటి జ్వరాలు మరికొన్ని వస్తే ఆ మాట చెప్పడానికి ఉండదు.

"ఈ కట్టు ఎవరు కట్టమన్నారు?"

"ఎవరూ అన్లేదండి. మీరు చెప్పారు కదండి, అవి ఊరికే గొట్టాలని, బయటి నుంచి నొక్కితేనే కదులుద్దని. రోజంతా నొక్కి ఉంచితే పైకెళ్ళిపోద్దనుకున్నానండి."

తల కొట్టేసినట్టయింది. వంద మందికి పైగా కూర్చున్న క్లాసులో ఆ పాఠాన్ని మనసుపెట్టి విన్నది ఆ ఒక్క పిల్లే. విన్నదాన్ని నమ్మి తన కాలికి కట్టుకుంది. స్నానం చేసిన కాలు తడి ఆరకుండా ఆ గుడ్డ కింద రోజంతా మగ్గింది.

ఆసుపత్రికి పోదామన్నాను. తల అడ్డంగా ఊపింది. "అక్కడంతా మా సీనియర్లేనండి. రేపటికి కాలేజీ అంతా తెలిసిపోద్దండి. మీరన్నది నిజమేనండి, ఈ చదువు నాకు పనికిరాదండి. ఎల్లిపోతానండి."

ఏం చెప్పినా ఆ అమ్మాయి వినదని అర్థమైంది. తలుపు దగ్గరగా వేశాను. కుర్చీలో కూర్చుని, చీర మోకాలిదాకా ఎత్తి, ఎడమ కాలు మంచం అంచు మీద పెట్టాను. నా పెళ్ళి తరవాత మా ఆయన తప్ప ఇంకొకరు ఆ కాలు చూడటం అదే మొదలు. మడతలు పడి, నల్లబారి, చెట్టు బెరడులా తయారైన కాలు. దాన్ని చూస్తే ఆ పిల్లకి ధైర్యం వస్తుందనుకున్నాను. నాకూ ఉంది, నేను బతకడం లేదా, ఉద్యోగం చెయ్యడం లేదా అని చెబుదామనుకున్నాను.

ఆ అమ్మాయి మొహంలో ధైర్యం రాలేదు. దాని కళ్ళు పెద్దవయ్యాయి.

"నాకూ ఇలాగైపోద్దాండి?"

"అవ్వదు. అవ్వకుండా చూసుకోవచ్చు. మొదట్లో నాదీ నీ కాలులాగే ఉండేది."

"మరి మీరెందుకు చూసుకోలేదండి? మీకన్నీ తెలుసు కదండి."

"చూసుకోవాలంటే ముందు ఎవరికో ఒకరికి చూపించాలమ్మా. నేను చూపించలేదు."

ఆ అమ్మాయి కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. "మరి నన్ను సిగ్గెందుకు అన్నారాండి?"

నేను దాని కన్నా వయసులో పెద్దదాన్ని, టీచర్ని, ఆ గదిలో నేల మీదికి చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆ అమ్మాయే నాకు దారి ఇచ్చింది. "మీరు కూడా చూపించుకుంటానంటే వస్తానండి" అంది.

ఇద్దరం వెళ్ళాం. మెడిసిన్‌లో నాకు తెలిసిన డాక్టరు ఒకావిడ, ఓపీ అయిపోయాక మమ్మల్ని తన గదిలోకి పిలిచి, ముందు దాని కాలూ తరవాత నాదీ చూసింది. నా కాలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అన్నేళ్ళు ఒకే క్యాంటీన్‌లో టీ తాగిన వాళ్ళం. నేను సిగ్గుతో చితికిపోయాను.

లోపలి పొర చేసే పని

అప్పుడు చదివాను. పాఠం చెప్పడం మొదలుపెట్టిన ఇన్నేళ్ళకి, లైబ్రరీలో కూర్చుని, దొరికిన పుస్తకాలూ పత్రికలూ తిరగేసి, లింఫు గురించి విద్యార్థిలా చదివాను. నేను కొట్టిపారేసిన గొట్టంలో ఏముందో మీకు చెబుతాను. దీన్ని తొందరపడకుండా చెప్పండి మీ పిల్లలకి.

లింఫును పోగుచేసి పైకి తీసుకెళ్ళే నాళం వరసగా చిన్న చిన్న గదులు. గదికీ గదికీ మధ్య కవాటం. గది గోడలో కండరం ఉంటుంది, అది తనంతట తానే ముడుచుకుంటుంది, మళ్ళీ వదులవుతుంది. అంటే పాదం నుంచి పైదాకా తోసే వాళ్ళు మనలోనూ ఉన్నారు, కప్పలోలా ఒకటి రెండు చోట్ల కాదు, దారి పొడుగునా. ఆ కండరానికి ఎప్పుడు పట్టాలో ఎప్పుడు వదలాలో చెప్పడంలో ఒక పాత్ర గోడ లోపలి వైపు పరుచుకున్న పలచటి కణాల పొరది. ద్రవం తమను రాసుకుంటూ పోతుంటే ఆ ఒరిపిడి ఆ కణాలకి తెలుస్తుంది. ప్రవాహం పెరిగితే అవి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కొంచెంగా విడుదల చేస్తాయి. దాంతో కండరం బిగువు సడలి, గది విశాలమై నిండుతుంది. ఆ వాయువు చప్పున కరిగిపోతుంది, కండరం మళ్ళీ ముడుచుకుని నిండినదాన్ని పై గదిలోకి తోస్తుంది. గేదె పాలు పితికిన వాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. పట్టి ఉంచితే పాలు రావు, పట్టి వదలాలి.

క్రిములు చొరబడి కాలు ఎర్రగా వాచి మంట పుట్టినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. రోగక్రిములతో పోరాడటానికి వచ్చిన కణాలు అదే వాయువును అటూ ఇటూ, వేళాపాళా లేకుండా కుమ్మరిస్తాయి. అప్పుడు లోపలి పొర చెప్పే మాట కండరానికి అందదు. నాళం వదులైపోయి ఊరుకుంటుంది. బోదకాలు పురుగు ఎలాగూ నాళాల్ని సాగదీసి, కవాటాల్ని పాడుచేసి ఉంటుంది. ఆ పైన వచ్చే ఒక్కో జ్వరం మిగిలిన ఆ కాస్త శక్తినీ తినేస్తుంది. నాకు తెలిసిన మేరకు ఇందులో చాలా భాగం జంతువుల నాళాల్లో చూసినది, మన కాళ్ళలో అంతా ఇలాగే జరుగుతుందని ఒట్టేసి చెప్పలేను. కానీ చెయ్యవలసింది మాత్రం స్పష్టమే. పాదాన్ని రోజూ సబ్బుతో మెల్లగా కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా ఒత్తాలి, పుండ్లకి మందు రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తి పెట్టాలి, చీలమండ ఆడించాలి. కట్టు అంటారా, అది తెలిసినవాళ్ళు వేళ్ళ దగ్గర నుంచి కొలతగా కట్టాలి, జ్వరం ఉన్నప్పుడు అసలు కట్టకూడదు.

నేను కాలు కడుక్కోవడం అప్పుడే మొదలుపెట్టాను. జ్వరాలు తగ్గాయి, కాలు మాత్రం తగ్గలేదు, చాలా ఆలస్యమైంది. నాగదుర్గ చదువు ఆపలేదు. దాని కాలు ఆ మెట్టు దగ్గరే ఆగింది. హాస్టల్లో బకెట్టూ సబ్బూ మెత్తటి గుడ్డా పెట్టుకుని, పరీక్షల రోజుల్లో కూడా మానలేదు. ఇప్పుడు కొల్లేటి వైపే డాక్టరుగా పని చేస్తోంది. ఇది నా గొప్పగా మీరు అనుకోకూడదు కనక, ఆ ఏడాది చివరి ప్రాక్టికల్ రోజున జరిగింది కూడా రాయాలి.

మళ్ళీ స్టూలు

పరీక్షల ముందు ఆ బ్యాచికి పాదాల వాపు మరోసారి చూపించాలి. అంతకు ముందే లింఫు పాఠం మళ్ళీ చెప్పాను. "ఊరికే గొట్టాలన్నాను, అది తప్పు" అని బోర్డు మీద గదులు గీసి, లోపలి పొర గీసి వివరించాను. మాటతో తప్పు దిద్దుకోవడం తేలిక. ప్రాక్టికల్ రోజున నా కాలే చూపించాలని నిర్ణయించుకుని వచ్చాను. పొద్దున ఇంట్లో పాదం శుభ్రంగా కడుక్కుని, ఒత్తుకుని, అద్దం ముందు నిలబడి ఏం మాట్లాడాలో కూడా అనుకున్నాను. రైల్లో దారి పొడుగునా అదే అనుకున్నాను.

పిల్లలు చుట్టూ మూగారు. స్టూలు మధ్యలో ఉంది. దాని మీద పరీక్ష చేయించుకునే మనిషిని మేం సబ్జెక్టు అంటాం. "ఇవాళ సబ్జెక్టు..." అని మొదలుపెట్టాను. చీర మీద చెయ్యి పడింది, అక్కడే ఆగిపోయింది. వాళ్ళందరి మొహాలూ చూశాను. స్లైడు చూసి నవ్విన వాళ్ళున్నారు అందులో. "ఇవాళ సబ్జెక్టుగా ఎవరైనా వస్తారా?" అన్నాను.

ఎవరూ కదల్లేదు. కాసేపటికి నాగదుర్గ ముందుకు వచ్చి, చెప్పు విడిచి, చుడీదార్ పైకి మడిచి కుడి కాలు స్టూలు మీద పెట్టింది. "నాకు వాపుందండి. నొక్కి చూడండి, గుంట పడుద్ది" అంది. ఒక్కొక్కరే వచ్చి బొటనవేలు పెట్టారు. స్లైడుకి నవ్వే కుర్రాడు కూడా వచ్చాడు. చాలా మెల్లగా నొక్కి, "నొప్పా?" అని అడిగాడు. "లేదులే, ఇంకాస్త గట్టిగా నొక్కితేనే తెలుస్తుంది" అని వాడికి నేర్పింది. గదులూ, లోపలి పొరా, పట్టి వదలడం, అంతా తనే చెప్పుకుపోయింది. నేను చెప్పినదాని కన్నా బాగా చెప్పింది.

"ఇవన్నీ నీకెలా తెలుసు?" అని ఒకమ్మాయి అడిగింది.

"మేడమ్ గారు నా కోసం చదివి చెప్పారండి. కాలు కడుక్కోవడం కూడా ఆవిడే నేర్పారండి."

పిల్లలందరూ నా వైపు తిరిగారు. వాళ్ళ చూపుల్లో ఉన్న గౌరవం నేను అంతకు ముందెప్పుడూ ఎరగను. ఒక్క మాట చాలు ఆ క్షణంలో, నాకూ ఉందని. తల ఊపాను, అంతే. క్లాసు ముగిసేదాకా నాగదుర్గ ఒక్కసారి కూడా, పొరపాటున కూడా, నా పాదాల వైపు చూడలేదు. నా సంగతి బయటపడకుండా ఆ పిల్ల అంత జాగ్రత్త పడుతూ ఉంటే, చూస్తూ నిలబడ్డాను.